మరిగ్నోల్లి దేశాటనము
ఇటలీలోని ఫ్లారెన్సు నగరవాసియగు జాన్ మరిగ్నోల్లి క్రైస్తవ సన్యాసి. చీనా చక్రవర్తి రాయబారమునకు బదులుగా పోపు 1338లో పంపిన దూతలలో ఇతడొకడు. ఎడారులు దాటి 1342లో నేటి బీజింగు చేరి, చక్రవర్తికి ఉత్తమాశ్వమును సమర్పించెను. తిరుగు ప్రయాణమున కేరళదేశపు కొల్లములో ఏడాదికి పైగా నివసించెను.

దూరదేశములందు ఒంటికాలి మనుష్యులు గలరనియు, వారు తమ పాదమునే ఎత్తి నీడగా పట్టుకొందురనియు నాటి ఐరోపావారు నమ్ముచుండిరి. మరిగ్నోల్లికి అట్టి జాతి ఎచ్చటను కానరాలేదు. భారతీయులు ఎండవానలకు పట్టెడి గొడుగునే కవులు పాదముగా మార్చిరని అతడు గ్రహించి, ఒక గొడుగును ఫ్లారెన్సునకు కొనిపోయెను.

1353లో స్వదేశములకు మరలిన అతనికి మరుసటియేడు బిషప్పు పదవి లభించెను. నాల్గవ చార్లెసు చక్రవర్తి ఆజ్ఞపై రచించిన బొహీమియా చరిత్రలో అతడీ నిజమును వ్రాసెను. కన్నులార చూచినవాడు కట్టుకథను విడిచెను.