తుంబా తీరాన విక్రమ్ సారాభాయ్

రాజపాళయానికి పడమట పెట్టనికోటవలె నిలిచిన కనుమలకు ఆవల, అరేబియా సముద్రపు ఒడ్డున, తిరువనంతపురం చేరువలో తుంబా అనే బెస్తల పల్లె ఉన్నది. 1963 నవంబరు 21వ తేదీ సాయంత్రం ఆ ఇసుక తిన్నెల నుండి ఒక చిన్న రాకెట్టు నింగికెగసింది. అమెరికా నుండి వచ్చిన ఆ రాకెట్టుతోనే భారత అంతరిక్ష పరిశోధనకు శ్రీకారం జరిగింది. అందుకు కారకులు డాక్టర్ విక్రమ్ సారాభాయ్.

1919 ఆగస్టు 12న అహ్మదాబాదులోని సంపన్న మిల్లు యజమానుల ఇంట ఆయన జన్మించారు. కేంబ్రిడ్జిలో చదువుతుండగా రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో స్వదేశానికి మరలి, బెంగుళూరులో సర్ సి.వి. రామన్ వద్ద విశ్వకిరణాలపై పరిశోధన సాగించారు. 1947లో కేంబ్రిడ్జి డాక్టరేటు పొంది, ఆ ఏడాదే అహ్మదాబాదులో భౌతిక పరిశోధనాలయాన్ని స్థాపించారు.

తుంబాను ఎన్నుకొనడానికి బలమైన కారణమున్నది. భూ అయస్కాంత మధ్యరేఖ ఆ ప్రాంతానికి అతి సమీపంగా పోతున్నది. ఆ రేఖపై సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున, సూర్యకిరణాల తాకిడికి గాలి అణువులు చీలి అయానులుగా, ఎలక్ట్రానులుగా విడిపోగా, పగటివేళ గొప్ప విద్యుత్ ప్రవాహం సాగుతుంది. ఇట్టి విద్యుదావిష్ట వాయువుకు 1928లో ప్లాస్మా అని పేరిడినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్మ్యూర్. అంత ఎత్తుకు బెలూను చేరలేదు. అంత దిగువన ఉపగ్రహం నిలువలేదు. రాకెట్టొక్కటే శరణ్యం. దానికై తుంబా ప్రజలు తమ ఇండ్లను విడిచారు. తమ ప్రార్థనా మందిరాన్ని సైతం అప్పగించారు. ఆ చర్చియే తొలి కార్యాలయమైనది.

అయితే ప్లాస్మాను కొలవడం సులభం కాదు. చెరువు లోతు చూడబోయి దిగినవాడు నీటినే కలచివేసినట్లు, అక్కడికి వెళ్లిన వాహనమే దానిని కలవరపరుస్తుంది. ఉపగ్రహం సెకనుకు 7, 8 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అయానుల వేగం సుమారు ఒక కిలోమీటరే గనుక, దాని వెనుక ఏర్పడిన ఖాళీని అవి వెంటనే పూరించలేవు. పడవ వెనుక జాడ వలె అక్కడ శూన్యం ఏర్పడుతుంది. ఎలక్ట్రానులు అంతకంటె ఎంతో చురుకైనవి. అవి ముందుగా వచ్చి తాకడంతో వాహనం ఋణ విద్యుదావేశం పొంది, తన చుట్టూ ఒక పొరను కల్పించుకుంటుంది. కొలిచే శలాకను ఆ పొరకు వెలుపలకు చాచి ఉంచకపోతే అది ఆకాశాన్ని గాక వాహనాన్నే కొలుస్తుంది. లాంగ్మ్యూర్ పేరు వహించిన అట్టి శలాకలను అహ్మదాబాదు శాస్త్రజ్ఞులు తుంబా రాకెట్లలో అమర్చి పంపారు.

1967లో స్వదేశీ రోహిణి రాకెట్టు ఎగిరింది. 1969లో ఇస్రో అవతరించింది. ఆంధ్రదేశంలో శ్రీహరికోట సిద్ధమై, 1971 అక్టోబరులో అక్కడి నుండి తొలి రాకెట్టు లేచింది. ఆ డిసెంబరు 30న, తుంబాకు సమీపంలోని కోవళంలో, సారాభాయ్ నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 52 ఏండ్లు మాత్రమే.

ఆయన కలగన్న ఉపగ్రహాన్ని శిష్యుడైన యు.ఆర్. రావు నాయకత్వాన నిర్మించారు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ గడ్డ నుండి లేచిన ఆర్యభట ఎగువ వాతావరణాన్ని శోధించే పరికరాన్నీ మోసుకుపోయింది. విద్యుత్ సరఫరా లోపించి కొద్ది రోజులకే ఆ ప్రయోగాలు ఆగినా, ఉపగ్రహ నిర్మాణం మనవారికి పట్టుబడింది. గురువు నాటిన మొక్క ఫలాన్ని శిష్యులు అందుకొన్నారు. విద్యాలయాలు కోరుకొనే వారసత్వం అదియే.