పాపడు కాదు, పాపన్న: ఖిలాషాపూర్ కోట మనకు చెప్పే కథ

మన ఊళ్లలో ఒక మనిషికి ఎంత విలువ ఇస్తున్నారో తెలుసుకోవాలంటే అతని పేరు చివర ఏముందో చూస్తే చాలు. దొర గడీ ముందు ఎల్లయ్య ఎల్లిగాడు అయ్యేవాడు, మల్లయ్య మల్లిగాడు అయ్యేవాడు. మూడు వందల ఏండ్ల కింద జనగామ ప్రాంతంలో రాతికోట కట్టి, ఓరుగల్లును కొట్టి, ఢిల్లీ బాద్‌షా ముందు నిలబడిన కల్లుగీత కులస్తుడికీ అదే జరిగింది. మొఘల్ కాలపు పారశీక చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ అతన్ని దారిదోపిడీ దొంగగానే రాసిపెట్టాడు. ఆ రాతల మీద నడిచిన పుస్తకాల్లో అతను పాపడు. పాట కట్టి పాడుకున్న జనం నోట పాపన్న, సర్వాయి పాపన్న.

ఇప్పుడు ఆగస్టు 18న ప్రభుత్వమే జయంతి చేస్తోంది. విగ్రహాలు లేచాయి, దండలు పడుతున్నాయి. సంతోషమే. కానీ దండ వేసి దిగినంత తేలిక కాదు ఈ జీవితం. పాపన్నను ఒకరు మతవీరుడిగా, ఇంకొకరు ఒక్క కులానికి నాయకుడిగా కుదించాలని చూస్తున్నారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల విద్యార్థులు, కార్యకర్తలు ఆ కథను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చదువుకోవాలని మేము కోరుకుంటున్నాం. 2016 దాకా ఈ మూడు జిల్లాల్లో ఎక్కువ భాగం వరంగల్ జిల్లాయే. పాపన్న తిరిగింది, పోరాడింది ఆ పాత వరంగల్ గడ్డ మీదే.

రాజ్యం కూలిన కాలం

జనం లెక్కలో పాపన్న పుట్టింది 1650లో. అంతకు ఒక్క ఏడాది ముందు, 1649లో, ఇంగ్లాండులో అంతర్యుద్ధం గెలిచిన పార్లమెంటు పక్షం రాజు ఒకటో చార్లెస్ తల నరికించింది. అక్కడ రాజుకూ పార్లమెంటుకూ, ఒక చర్చి పద్ధతికీ ఇంకో పద్ధతికీ మధ్య 1642లో మొదలైన యుద్ధం అది. పైనున్నవాళ్లు ఒకరినొకరు నరుక్కుంటుంటే, కింద ఉన్నవాళ్లు అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అడిగారు. భూమి ఎవరిది అన్నారు. డిగ్గర్లు అనే పేద జనం అదే 1649లో సర్రే ప్రాంతపు బీడు భూమిని ఉమ్మడిగా దున్నడం మొదలుపెట్టారు. వాళ్లనూ తరిమేశారు. పెద్దల తగాదాలో దొరికిన సందులోంచే చిన్నవాళ్లు చరిత్రలోకి వస్తారని చెప్పడానికే ఈ మాట తెస్తున్నాం. మన దగ్గర ఆ సందు 1687లో మొదలైంది.

ఆ ఏడాది ఔరంగజేబు సేనలు గోల్కొండను పట్టుకున్నాయి. చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్‌ను దౌలతాబాద్ కోటలో బంధించారు. అంతకు ముందే, 1686లో, ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నలు గోల్కొండ వీధిలోనే హత్యకు గురయ్యారు. కొత్త ఏలిక వచ్చింది. ఫౌజ్‌దార్లు, వసూలుదార్లు మారారు. ముస్లిమేతరుల మీద జిజియా పన్ను పడింది. పాత వ్యవస్థ పోయింది, కొత్తది కుదురుకోలేదు. ఆ మధ్య కాలంలో నలిగింది చేతివృత్తుల జనం, సాగు జనం.

మోకు వదిలిన గీతన్న

పాటల్లో పాపన్న కథ తల్లితో వాదనతో మొదలవుతుంది. కులవృత్తి చేసుకుని బతకమని తల్లి సర్వమ్మ అంటుంది. చెట్టెక్కి లొట్టి దించితే వచ్చే బతుకు తనకు వద్దని, గోల్కొండను కొడతానని కొడుకు అంటాడు. పుట్టిన కులం చెప్పిన పని చేయనన్నదే అతని మొదటి తిరుగుబాటు. కత్తి ఆ తర్వాత పట్టాడు.

పారశీక రాతల్లో మొదలు వేరే. 1690ల చివర అతను డబ్బున్న తన సొంత అక్కచెల్లెలినే కొట్టి, సొమ్ము, నగలు లాక్కుని, ఆ డబ్బుతో మనుషులను కూడగట్టాడని ఖాఫీ ఖాన్ రాశాడు. తాటికొండ గుట్ట మీద స్థావరం వేసుకుని, వరంగల్–హైదరాబాద్ బాట మీద వ్యాపారులను దోచాడని కూడా రాశాడు. ఆ తాటికొండ ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ మండలంలో ఉంది. ఈ రెండు కథల్లో ఒకటే నిజమని తేల్చే పని మేము చేయడం లేదు. కులవృత్తి కాదన్నవాడు బతకడానికి ఆ కాలంలో ఉన్న దారులు ఎన్ని అన్నదే మా ప్రశ్న.

అతన్ని మొదట తరిమినవాళ్లలో మొఘల్ ఫౌజ్‌దార్లతో పాటు స్థానిక జమీందారులూ ఉన్నారు. పాపన్న దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని కౌలాసుకు పోయి, అక్కడి జమీందారు వెంకట్రావు దగ్గర కొలువులో చేరాడు. మళ్లీ దారులు కొట్టడం మొదలుపెట్టగానే వెంకట్రావే అతన్ని ఖైదులో వేశాడు. నెలల తర్వాత ఆ జమీందారు కొడుకు జబ్బు పడ్డాడు. దయ చూపితే బిడ్డ బతుకుతాడని తల్లి ఖైదీలందరినీ విడిపించింది. అలా బయటపడ్డ పాపన్న జనగామ వైపు తిరిగి వచ్చి షాపూర్‌లో కోట కట్టాడు. అదే ఇప్పటి రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్.

కోట, దాని మనుషులు

కోట నిలిచిందంటే మనుషులు నిలబెట్టారు. పాపన్న పాటను 1874లో బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి సేకరించి అచ్చు వేయించాడు. అందులో అతని సహచరుల పేర్లు ఉన్నాయి. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది, జక్కుల, దూదేకుల. హసన్, హుసేన్ కూడా ఉన్నారు. ఊరి బట్టలు ఉతికినవాళ్లు, గడ్డాలు గీసినవాళ్లు, కుండలు చేసినవాళ్లు, బుట్టలు అల్లినవాళ్లు, అడవిలో బతికినవాళ్లు ఒక జెండా కింద నిలబడ్డారు. గద్దెలున్న జమీందారులు మాత్రం అతని వెంట నడిచినట్టు కనిపించరు.

కొలనుపాక ఫౌజ్‌దారు ఖాసిం ఖాన్ షాపూర్ మీదికి వచ్చి ప్రాణం పోగొట్టుకున్నాడు. హైదరాబాద్ నాయబ్ సుబేదారు రుస్తుం దిల్ ఖాన్ రెండు నెలలు ముట్టడి వేశాడు. పాపన్న తప్పించుకున్నాడు, సేనలు కోటను పేల్చేసి వెళ్లాయి. వాళ్లు వెళ్లగానే పాపన్న తిరిగి వచ్చి ఈసారి రాయి, సున్నంతో మరింత గట్టిగా కట్టాడు. ఆ మధ్యలోనే అతని దగ్గరి సహచరుడు సర్వ, పుర్‌దిల్ ఖాన్ అనే మరొకడు గొడవపడి, ద్వంద్వయుద్ధంలో ఇద్దరూ చనిపోయారు. రుస్తుం దిల్ ఖాన్ ఇంకోసారి స్వయంగా వచ్చాడు, డబ్బు తీసుకుని ముట్టడి ఎత్తేశాడు. చట్టం పేరుతో వచ్చినవాడు లంచంతో తిరిగిపోయాడు. దొంగ అన్న ముద్ర మాత్రం ఒక్కరికే మిగిలింది.

అన్నదమ్ముల యుద్ధం, ఓరుగల్లు దాడి

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు గద్దె కోసం కొట్టుకున్నారు. ఆ జూన్‌లోనే జాజౌ దగ్గర ఒక అన్నదమ్ముడిని చంపి మువజ్జం బహదూర్ షాగా పట్టం కట్టుకున్నాడు. దక్కనులో చిన్న తమ్ముడు కాంబక్ష్ తానే బాద్‌షానని ప్రకటించుకుని హైదరాబాద్‌ను పట్టుకున్నాడు. 1708లో రుస్తుం దిల్ ఖాన్‌ను కాంబక్షే చంపించాడు. పాపన్నను రెండుసార్లు ముట్టడించిన అధికారిని చంపింది పాపన్న కాదు, సొంత ప్రభువే.

అదే 1708లో మార్చి 31 రాత్రి పాపన్న ఓరుగల్లు మీద పడ్డాడు. తెల్లవారితే మొహర్రం పదో రోజు. నగరం ఆ సంతాపంలో ఉంది. రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలతో వచ్చిన పాపన్న మనుషులు బాటలు మూసేసి, తాళ్లు వేసి గోడలెక్కారు. దోపిడీ రోజుల తరబడి సాగింది. ఓరుగల్లు తివాచీలు అప్పటికే పేరుపడ్డవి. వాటిని ముక్కలు కోసి పంచుకున్నారు. జూన్ 1న భువనగిరి మీద ఇలాగే దాడి చేశారు గానీ కోట చేతికి రాలేదు.

ఓరుగల్లులో ఇంకొకటి జరిగింది. దాన్ని దాచి పాపన్నకు దండ వేయడం మాకు చేతకాదు. పెద్ద కుటుంబాల ఆడవాళ్లను, పిల్లలను వేల సంఖ్యలో బందీలుగా షాపూర్‌కు పట్టుకుపోయారు. వాళ్లలో నగర ఖాజీ భార్య, చిన్న కూతురు ఉన్నారు. పెద్దింటి ఆడవాళ్లయినా ఆడవాళ్లే. మన ఆడబిడ్డల మీద దొరలు చేసిన దౌర్జన్యాన్ని ప్రశ్నించే మనం, మన వీరుడు చేసినదానికి వేరే తూకం వాడకూడదు.

పద్నాలుగు లక్షలు తీసుకున్న చేయి

1709 జనవరిలో హైదరాబాద్ దగ్గర జరిగిన యుద్ధంలో కాంబక్ష్ ఓడి, గాయాలతో చనిపోయాడు. గెలిచిన బహదూర్ షా దర్బారుకు పాపన్న వచ్చాడు. పద్నాలుగు లక్షల రూపాయలు, సైన్యానికి తిండి గింజలు కానుకగా తెచ్చాడు. బాద్‌షా అవి తీసుకుని గౌరవ వస్త్రం కప్పాడు. కల్లుగీత ఇంటి బిడ్డ మీద ఢిల్లీ ఖిల్లతు పడింది.

హైదరాబాద్ పెద్దలు దాన్ని భరించలేకపోయారు. షా ఇనాయత్ అనే పేరున్న పీరు ముందు నిలిచి బాద్‌షాకు మొర పెట్టుకున్నాడు. బందీలైన కుటుంబాల దుఃఖం ఆ మొరలో ఉంది, అది న్యాయమైనదే. తక్కువ కులంవాడికి అంత గౌరవమా అన్న కడుపుమంట కూడా అందులో ఉంది. బాద్‌షా మాట మార్చి, పాపన్నను అణచమని కొత్త సుబేదారు యూసుఫ్ ఖాన్‌ను ఆదేశించాడు.

మొదటి దెబ్బ మాత్రం ఇంట్లోంచే తగిలింది. పాపన్న భార్య అన్నదమ్ముడు ఒక ఫౌజ్‌దారు. అతనూ షాపూర్ ఖైదులోనే ఉన్నాడు. పాపన్న బయట యుద్ధంలో ఉండగా ఆమె అన్నంలో ఆకురాళ్లు దాచి ఖైదుకు పంపింది. ఖైదీలు సంకెళ్లు కోసుకుని కోటను చేజిక్కించుకున్నారు. తన కోటను తానే ముట్టడించే గతి పాపన్నకు పట్టింది. ఇంతలో దిలావర్ ఖాన్ సేన రావడంతో తాటికొండకు వెనుదిరిగాడు. అన్నదమ్ముడిని సంకెళ్లలో చూసిన ఆ ఇల్లాలి వైపు నుంచి ఈ కథను ఎవరూ పాడలేదు.

తాటికొండ ముట్టడి నెలల తరబడి సాగింది. 1710లో యూసుఫ్ ఖాన్ స్వయంగా వచ్చాడు. పాపన్నను వదిలి వచ్చేవాళ్లకు రెండింతల జీతం ఇస్తామన్నాడు. లోపల మందుగుండు అయిపోయింది. పాపన్న మారువేషంలో ఒంటరిగా బయటపడి, రెండు రోజులు నడిచి హసనాబాద్ చేరాడు. అది ఇప్పటి హుస్నాబాద్ అని మన వైపు చెప్పుకుంటారు. అక్కడ ఒక కల్లు దుకాణంలో కూర్చుని తాజా కల్లు అడిగాడు. దుకాణం నడిపే గీతన్న అతన్ని గుర్తుపట్టాడు. కల్లు తెస్తానని బయటికి వెళ్లి, పాపన్న బావమరిదిని, సైనికులను వెంటబెట్టుకుని వచ్చాడు. పాపన్నను చంపి, ముక్కలు చేసి, తలను ఢిల్లీకి పంపారు. మొండేన్ని హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు.

మనం ఏం తీసుకోవాలి

ఈ కథలో హిందువులు ఒక పక్క, ముస్లింలు ఒక పక్క లేరు. పాపన్నను ఖైదు చేసింది కౌలాసు వెంకట్రావు. అతని కోసం పోరాడినవాళ్లలో హసన్, హుసేన్, దూదేకుల పీరు ఉన్నారు. ఇది మతయుద్ధం అని చెప్పేవాళ్లు ఈ పేర్లు చెరిపేస్తే గానీ ఆ మాట చెప్పలేరు.

ఈ కథ ఒక్క కులానిదీ కాదు. పట్టించినవాడూ గీతన్నే. నిలబెట్టినవాళ్లలో చాకలి, మంగలి, ఎరుకల, యానాదులున్నారు. ఒకే కులంలో పుట్టినంత మాత్రాన ఎవరూ మనవాళ్లు కారు, ఒకే అణచివేతను కలిసి ఎదిరిస్తే అవుతారు. అంబేడ్కర్ బాటలో నడిచేవాళ్లకు ఇది కొత్త పాఠం కాదు, కానీ జయంతి సభల్లో మరిచిపోతున్న పాఠం. పాపన్న విగ్రహం ఉన్న ఊళ్లో చాకలి సర్వన్నకు, కుమ్మరి గోవిందుకు పేరు చెక్కిన రాయి కూడా ఉండదు.

అందుకే మా కోరిక చిన్నది. వచ్చే ఆగస్టు 18న ఖిలాషాపూర్ వెళ్లేవాళ్లు పాపన్నకు దండ వేసి, ఆ కోట గోడ దగ్గర అతని సహచరుల పేర్లన్నీ గట్టిగా చదవండి. ఓరుగల్లు నుంచి బందీలుగా వచ్చిన ఆడవాళ్లనూ తలుచుకోండి. దొంగ అన్న రాతను మనం ఒప్పుకోలేదు. అలాగే దేవుడు అన్న రాతనూ ఒప్పుకోవద్దు. చెట్టు దిగి, కోట కట్టి, తప్పులు చేసి, ఓడిపోయిన మనిషిగానే పాపన్న మనవాడు.