ఫీలిక్స్ పాపలార్డి

ఫీలిక్స్ ఆల్బర్ట్ పాపలార్డి (డిసెంబర్ 30, 1939 - ఏప్రిల్ 17, 1983) అమెరికాకు చెందిన బేస్ గిటారు వాద్యకారుడు, గాయకుడు, గీతరచయిత, రికార్డుల నిర్మాత. ఇంగ్లాండుకు చెందిన క్రీమ్ వాద్యబృందానికి నిర్మాతగాను, అమెరికాకు చెందిన మౌంటెన్ వాద్యబృందంలో బేస్ వాద్యకారునిగాను ఈయన ప్రసిద్ధుడు. హెవీ మెటల్ అని పేరుపడిన హోరెత్తే రాక్ సంగీతశాఖకు తొలిదశలో రూపురేఖలు దిద్దినవారిలో ఈయన ఒకడు. శాస్త్రీయ సంగీత శిక్షణ పొంది, చెవినే పెట్టుబడిగా చేసుకొని ఎదిగిన ఈ కళాకారుడు, తాను వాయించిన సంగీతపు హోరు వల్లనే వినికిడిని కొంత కోల్పోయి వేదికకు దూరమయ్యాడు.

బాల్యం, విద్యాభ్యాసం

పాపలార్డి న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో జన్మించాడు. ఆ నగరంలోనే సంగీతానికి, చిత్రకళకు ప్రత్యేకించిన ఉన్నత పాఠశాలలో చదువుకున్నాడు. ఆ పిదప మిచిగాన్ విశ్వవిద్యాలయంలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని అభ్యసించాడు. ఆర్కెస్ట్రాకు సారథ్యం వహించే కండక్టరుగా స్థిరపడాలని ఆశించాడు. చదువు ముగించి న్యూయార్క్ తిరిగివచ్చాడు కాని, ఆ రంగంలో ఆయనకు ఉద్యోగం దొరకలేదు.

జానపద గాయకుల నడుమ

1960ల తొలి సంవత్సరాలలో న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ ప్రాంతం జానపద గాయకులకు కూడలిగా ఉండేది. అక్కడి కాఫీ హోటళ్ళలో పాడే యువ గాయకులలో చాలామందికి స్వరలిపి తెలియదు. ఏ పాటకు ఏ వాద్యం తోడు కావాలో, ఎక్కడ మోగాలో, ఎక్కడ మౌనం వహించాలో నిర్ణయించగల విద్యావంతుని అవసరం వారికి కలిగింది. పాపలార్డి ఆ లోటు తీర్చాడు. టామ్ పాక్స్టన్, ఫ్రెడ్ నీల్, విన్స్ మార్టిన్ వంటి గాయకుల రికార్డులకు తోడ్పడ్డాడు. నీల్, మార్టిన్ కలిసి 1964లో వెలువరించిన రికార్డులో ఆయన గిటరోన్ వాయించాడు. ఇది మెక్సికో దేశపు సంగీత బృందాలు మంద్రస్వరాల కోసం వాడే పెద్ద గిటారు.

రికార్డుల నిర్మాతగా

తెలుగులో నిర్మాత అనగానే పెట్టుబడి పెట్టే సినిమా నిర్మాత గుర్తుకు వస్తాడు. రికార్డుల నిర్మాత పని వేరు. పాటలను ఎంపిక చేయడం, వాటి నిడివిని సరిదిద్దడం, వాద్యాలను కూర్చడం, గాయకుని చేత మళ్ళీ మళ్ళీ పాడించి అందులో మేలైనదాన్ని ఏరుకోవడం అతని బాధ్యతలు. తనకు లభించని కండక్టరు పదవికి పాపలార్డి స్టూడియోలో ఈ విధంగా ప్రత్యామ్నాయం కనుగొన్నాడు. యంగ్‌బ్లడ్స్ బృందం 1967లో వెలువరించిన తొలి ఆల్బమ్‌కు ఆయనే నిర్మాత. అందులోని ఒక పాట 1969లో మళ్ళీ విడుదలై అమెరికా అంతటా మారుమోగింది.

1967 మే నెలలో ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ సభ్యులుగా గల క్రీమ్ బృందం ధ్వనిముద్రణ కోసం న్యూయార్క్‌లోని అట్లాంటిక్ స్టూడియోకు వచ్చింది. నిర్మాణ బాధ్యత పాపలార్డికి అప్పగించారు. ఆ బృందం అప్పటికే ముద్రించిన ఒక పాత బ్లూస్ పాట టేపును ఆయన ఇంటికి తీసుకువెళ్ళాడు. భార్య గెయిల్ కాలిన్స్‌తో కలిసి అదే వాద్యసంగీతానికి కొత్త మాటలు, కొత్త వరుస కూర్చి తెచ్చాడు. అదే స్ట్రేంజ్ బ్రూ అనే పాట అయింది. ఆ పాటతో మొదలయ్యే డిస్రేలీ గియర్స్ ఆల్బమ్ 1967 నవంబరులో విడుదలై, అమెరికా అమ్మకాల పట్టికలో 4వ స్థానానికి చేరింది.

1968లో వెలువడిన వీల్స్ ఆఫ్ ఫైర్ జంట ఆల్బమ్‌లో పాపలార్డి నిర్మాణంతో తృప్తి చెందక వయోలా, ట్రంపెట్, ఆర్గన్, చేతిగంటలు స్వయంగా వాయించాడు. ఈ ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానాన్ని పొందింది. క్రీమ్ విడిపోయిన తరువాత జాక్ బ్రూస్ 1969లో వెలువరించిన సాంగ్స్ ఫర్ ఎ టైలర్ ఆల్బమ్‌కు కూడా ఆయనే నిర్మాత.

మౌంటెన్ బృందం

న్యూయార్క్ పరిసరాలకు చెందిన వాగ్రంట్స్ బృందం పాటలు కొన్నింటికి నిర్మాతగా పనిచేసినప్పుడు, అందులోని గిటారు వాద్యకారుడు లెస్లీ వెస్ట్‌తో పాపలార్డికి పరిచయమైంది. 1969లో వెస్ట్ సొంతంగా వెలువరించిన మౌంటెన్ ఆల్బమ్‌ను నిర్మిస్తూ, అందులో బేస్ కూడా తానే వాయించాడు. ఆ ఆల్బమ్ పేరుతోనే ఒక బృందం ఏర్పడింది. 1969 ఆగస్టు 16న, ఏర్పడిన కొద్దికాలానికే, ఈ బృందం చరిత్ర ప్రసిద్ధమైన వుడ్‌స్టాక్ ఉత్సవంలో కచేరీ చేసింది. ఆ తరువాత కెనడాకు చెందిన డ్రమ్స్ వాద్యకారుడు కార్కీ లెయింగ్ బృందంలో చేరాడు.

వీరి క్లైంబింగ్ ఆల్బమ్ 1970లో విడుదలై అమెరికాలో 17వ స్థానానికి చేరింది. అందులోని మిసిసిపీ క్వీన్ పాట 21వ స్థానం పొందింది. ఈ పాట ఆరంభంలో వినిపించే గంట చప్పుడు నిజానికి వాద్యకారులు కలిసి అందుకోవడానికి లెయింగ్ ఇచ్చిన లెక్క. దానిని తొలగించక అలాగే ఉంచారు. నేడు ఆ పాటను శ్రోతలు మొదట గుర్తుపట్టేది ఆ గంటతోనే.

వెస్ట్ గొంతు కరకుది, పాపలార్డి గొంతు మృదువైనది. ఈ వైరుధ్యమే బృందానికి బలమైంది. ఆయన వయొలిన్ ఆకారంలో ఉండే గిబ్సన్ ఈబీ-1 బేస్ గిటారును, ధ్వనివర్ధకాలను బాగా హెచ్చించి, ఒరిపిడితో కూడిన నాదం వచ్చేటట్లు వాయించేవాడు. బేస్ అంటే వెనుక నిలిచి తాళం కాచే వాద్యమే కాదని, గిటారుతో సమానంగా ముందుకు రాగలదని ఈ పద్ధతి నిరూపించింది.

1971లో వెలువడిన నాంటకెట్ స్లేరైడ్ ఆల్బమ్‌లోని అదే పేరుగల పాటను పాపలార్డి, కాలిన్స్ కలిసి రచించారు. ఈటె దిగిన తిమింగలం వేటగాళ్ళ పడవను సముద్రంలో ఈడ్చుకుపోవడాన్ని ఆ పేరు సూచిస్తుంది. 1820లో తిమింగలం ఢీకొని మునిగిపోయిన ఎసెక్స్ ఓడలోని యువ నావికుడు ఓవెన్ కాఫిన్‌కు ఈ పాటను అంకితమిచ్చారు. ఇందులోని వాద్యభాగం బ్రిటన్‌లో వీకెండ్ వరల్డ్ అనే టెలివిజన్ కార్యక్రమానికి ముఖసంగీతంగా చాలాకాలం వినిపించింది. మౌంటెన్ ఆల్బములకు ముఖచిత్రాలు గీసినది కూడా కాలిన్సే.

వినికిడి లోపం

బృందం 1972లో విడిపోయింది. 1973లో తిరిగి ఏర్పడి జపాన్‌లో పర్యటించి, 1974లో అవలాంచ్ ఆల్బమ్ వెలువరించి, మళ్ళీ విడిపోయింది. అప్పటికే పాపలార్డి వినికిడి దెబ్బతిన్నది. సంవత్సరాల తరబడి పెద్ద పెద్ద ధ్వనివర్ధకాల ముందు నిలబడి వాయించడమే ఇందుకు కారణం.

మన లోపలి చెవిలో ధ్వనిని నరాలకు అందించే సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. మితిమీరిన శబ్దానికి అవి నశిస్తాయి. మనుషులలో ఒకసారి నశించినవి తిరిగి పుట్టవు. అమెరికాలో ఆరోగ్య నిపుణులు సూచించిన పరిమితి ప్రకారం 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. శబ్దం 3 డెసిబెల్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్ వద్ద మిగిలేది 15 నిమిషాలే. నిర్మాతకు చెవే ముఖ్య పనిముట్టు కనుక, పాపలార్డికి ఇది కేవలం ఆరోగ్య సమస్య కాదు, వృత్తికే ఎదురైన ప్రమాదం.

అయినా ఆయన పని మానలేదు. జపాన్‌కు చెందిన క్రియేషన్ బృందంతో కలిసి 1976లో ఒక ఆల్బమ్ వెలువరించాడు. 1978లో హాట్ ట్యూనా, డెడ్ బాయ్స్ బృందాల ఆల్బములకు నిర్మాతగా వ్యవహరించాడు. 1979లో తన పేరుతో డోంట్ వరీ మా అనే ఆల్బమ్ విడుదల చేశాడు.

మరణం

1983 ఏప్రిల్ 17న న్యూయార్క్‌లోని తమ నివాసంలో గెయిల్ కాలిన్స్ చేతిలోని తుపాకి పేలి పాపలార్డి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 43 సంవత్సరాలు. ఆ తుపాకి ఆయన ఆమెకు ఇచ్చినదే. అది ప్రమాదవశాత్తు పేలిందని ఆమె న్యాయస్థానంలో వాదించింది. జ్యూరీ హత్యానేరాన్ని అంగీకరించక, నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమైనట్లు మాత్రమే నిర్ధారించింది. శిక్ష అనుభవించిన పిదప ఆమె 1985లో పెరోల్‌పై విడుదలై, 2013లో మెక్సికోలో మరణించింది. పాపలార్డిని బ్రాంక్స్‌లోని వుడ్‌లాన్ శ్మశానవాటికలో తల్లి సమాధి పక్కన ఖననం చేశారు.

ప్రాముఖ్యత

పాపలార్డి పేరు సామాన్య శ్రోతలకు అంతగా తెలియకపోవడానికి కారణం ఆయన కృషిలో అధికభాగం ఇతరుల రికార్డులలో ఇమిడిపోవడమే. జానపద గాయకుని సన్నని గొంతుకు, క్రీమ్ వాద్యాల ఉద్ధృతికి, మౌంటెన్ హోరుకు ఆయన ఒకే శ్రద్ధతో చెవి ఒగ్గాడు. శబ్దం ఎంత పెద్దదైనా దానికొక కూర్పు ఉండాలన్న శాస్త్రీయ సంగీత క్రమశిక్షణను హెవీ మెటల్ తొలి తరానికి అందించినవారిలో ఆయనది ముఖ్యస్థానం. అందుకు మూల్యంగా ఆయన చెల్లించినది తన వినికిడినే.