జపమాలతో దారి కొలిచిన పండితుడు

బాటసారులు తాము నడిచిన దారిని గుర్తుంచుకోవడానికి కొండను, చెట్టును, ఏటి మలుపును ఆనవాళ్లుగా పెట్టుకోవడం అనాదిగా ఉన్న అలవాటు. అయితే ఆ ఆనవాళ్లు నడిచినవారికే ఉపయోగపడతాయి. ఆ దారి ఎన్నడూ చూడని వారికి సైతం బోధపడాలంటే దూరం, దిక్కు, ఎత్తు అనే మూడింటినీ లెక్కకు తేవాలి. కొలత పరికరం బయటపడితే ప్రాణానికే ముప్పు కలిగే దేశంలో, వేల మైళ్లు కాలినడకన తిరిగి ఈ కార్యాన్ని సాధించిన మహనీయుడు నైన్ సింగ్ రావత్.

నైన్ సింగ్ 1830లో హిమాలయ సానువులలోని కుమావోన్ ప్రాంతంలో, జోహార్ లోయలో జన్మించారు. ఆ లోయవాసులు వేసవిలో కనుమలు దాటి టిబెట్టుకు వెళ్లి వర్తకం చేసేవారు. పేద కుటుంబంలో పుట్టిన నైన్ సింగ్ బాల్యంలో తండ్రి వెంట ఆ దారులలో తిరిగి, టిబెటన్ భాషను, అక్కడి ఆచార వ్యవహారాలను నేర్చుకొన్నారు. యౌవనంలో ష్లాగింట్‌వైట్ సోదరులనే జర్మన్ అన్వేషకుల వెంట పర్యటించి, పరికరాల వినియోగం కొంత తెలుసుకొన్నారు. తరువాత స్వగ్రామంలో ఉపాధ్యాయులయ్యారు. ‘పండిట్’ అన్న పేరు ఆయనకు ఆ వృత్తి వలన వచ్చినదే.

1802లో మద్రాసు వద్ద ఆధారరేఖను కొలవడంతో ఆరంభమైన మహా త్రికోణమితి సర్వే, పంతొమ్మిదో శతాబ్ది మధ్యభాగానికి హిమాలయాలను చేరుకొంది. కాని ఆ కొండల కావల ఉన్న టిబెట్టులోకి విదేశీయులకు ప్రవేశం నిషిద్ధం. పటంలో ఆ ప్రాంతం చాలావరకు శూన్యంగా ఉండేది. వర్తకుల వేషంలోనో, యాత్రికుల వేషంలోనో వెళ్లగల కొండప్రాంతవాసులకు శిక్షణ ఇచ్చి పంపాలని సర్వే అధికారి మాంట్‌గోమరీ తలపెట్టారు. అందుకు 1863లో నైన్ సింగును, ఆయన దాయాది మణిసింగును ఎంపిక చేశారు. డెహ్రాడూన్‌లో రెండేండ్లపాటు శిక్షణ సాగింది.

అందులో మొదటి పాఠం నడక. ఎగుడైనా, దిగుడైనా, మంచైనా, ఇసుకైనా అడుగు నిడివి మారరాదు. సుమారు రెండు వేల అడుగులు ఒక మైలు. ఆ అడుగులను లెక్కించే సాధనం జపమాల. బౌద్ధుల జపమాలలో 108 పూసలుంటాయి. నైన్ సింగ్ మాలలో నూరు మాత్రమే. నూరు అడుగులకు ఒక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి పదివేల అడుగులు, అంటే సుమారు అయిదు మైళ్లు పూర్తయ్యేవి. చేతిలోని ప్రార్థనా చక్రంలో మంత్రాలకు బదులు తెల్లకాగితపు చుట్టలుండేవి. లెక్కలు వాటిపై వ్రాసి అందులోనే దాచేవారు. భక్తుని జపానికి అడ్డు రావడం అమర్యాద గనుక, దారిలో ఎవరైనా సమీపిస్తే పెదవులు కదుపుతూ సాగిపోవడమే ఆయనకు రక్ష.

తక్కిన కొలతలు రాత్రివేళ రహస్యంగా జరిగేవి. గవ్వలలో దాచిన పాదరసాన్ని పాత్రలో పోస్తే నిశ్చలమైన అద్దంలా నిలిచేది. నక్షత్రానికీ, అందులోని ప్రతిబింబానికీ మధ్య గల కోణాన్ని పెట్టె అడుగున దాచిన కోణమాపకంతో కొలిచి, ఆ చోటి అక్షాంశాన్ని గణించేవారు. ఎత్తు పెరిగేకొద్దీ నీరు తక్కువ ఉష్ణోగ్రత వద్దనే మరుగుతుంది. కనుక చేతికర్రలో దాచిన ఉష్ణమాపకాన్ని మరిగే నీటిలో ఉంచి, సముద్రమట్టం నుండి ఆ ప్రదేశపు ఎత్తును నిర్ణయించేవారు.

1865 జనవరిలో దాయాదులిద్దరూ డెహ్రాడూన్ విడిచారు. నేపాలు నుండి మణిసింగ్ వెనుదిరిగినా, నైన్ సింగ్ వర్తకుని వేషంలో టిబెట్టు ప్రవేశించి, 1866 జనవరిలో లాసా నగరం చేరారు. అక్కడ వర్తకులకు లెక్కలు నేర్పుతూ పొట్టపోసుకొన్నారు. అనుమతి లేక ప్రవేశించిన ఒక వ్యక్తికి బహిరంగంగా శిరచ్ఛేదం జరగడం చూసి ఆయన గుండె ఝల్లుమంది. అయినా రాత్రివేళ నక్షత్ర పరిశీలన మానలేదు. మూడు నెలల అనంతరం త్సాంగ్‌పో నది వెంట పశ్చిమంగా నడిచి, మానస సరోవరం మీదుగా స్వదేశం చేరారు. సుమారు 1,200 మైళ్ల దారిని ఆయన అడుగులతో కొలిచి తెచ్చారు. లాసాకు ఆయన గణించిన అక్షాంశం నేటి లెక్కకు ఎంతో సమీపంగా ఉంది.

1867లో ఆయన టిబెట్టులోని థోక్ జలుంగ్ బంగారు గనులను దర్శించి వచ్చారు. 1874 జులైలో లడఖ్‌లోని లేహ్ నుండి బయలుదేరి, లాసా, తవాంగ్‌ల మీదుగా 1875 మార్చిలో అస్సాం చేరారు. సుమారు 1,400 మైళ్ల ఆ యాత్రలో అధికభాగం అంతకుముందు ఏ పటానికీ ఎక్కని దారి.

ఈ కార్యం వెనుక ఆంగ్ల ప్రభుత్వ రాజకీయ ప్రయోజనాలుండేవి. ఆయన తొలి యాత్రా నివేదిక అసలు పేరు లేకుండా, ‘పండిట్’ అన్న గుప్తనామంతోనే వెలువడింది. అయినా ప్రతిభ మరుగున పడలేదు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ 1877లో ఆయనకు స్వర్ణపతకం ప్రదానం చేసింది. భారత తపాలాశాఖ 2004లో ఆయన స్మారకంగా తపాలాబిళ్ల వెలువరించింది.

నేడు చేతిలోని ఫోను ఉపగ్రహాల సాయంతో మనం నడిచిన దారిని తానే గీసి చూపుతోంది. నైన్ సింగుకు అటువంటి తోడు లేదు. లెక్క తప్పితే పటం తప్పుతుంది. గుట్టు బయటపడితే ప్రాణం పోతుంది. లెక్క తప్పినా అడిగేవారు ఆ మంచుకొండలలో లేరు. ఊహించి ఒక అంకె వేసినా నాడు ఎవరూ కనిపెట్టలేరు. అయినా అడుగు వెంట అడుగును నిజాయితీగా లెక్కించిన ఆయన నిష్ఠయే, పటంలోని శూన్యప్రదేశంలో నదులుగా, కనుమలుగా, నగరాలుగా నిలిచింది.