డ్యూక్ ఎల్లింగ్టన్: జీతమిచ్చి నిలుపుకున్న నాదం

ఇరవయ్యవ శతాబ్దపు అమెరికా సంగీత చరిత్రలో డ్యూక్ ఎల్లింగ్టన్‌ది సుస్థిరమైన స్థానం. ఆ దేశపు నల్లజాతి ప్రజలలో పుట్టి ప్రపంచమంతటా వ్యాపించిన జాజ్ సంగీతంలో ఆయన వెయ్యికి పైగా రచనలు చేశారు. పియానో వాద్యంలోనూ పేరు పొందారు. అయితే వీటన్నిటికంటె అరుదైన పని మరొకటి ఆయన చేశారు. ఒక పెద్ద వాద్యబృందాన్ని దాదాపు అర్ధశతాబ్దం పాటు ఏడాది పొడవునా జీతాలిచ్చి తన వెంట నిలుపుకున్నారు. తన బాణీల మీద వచ్చిన రాబడిని అందుకే వెచ్చించారు. 1963లో హైదరాబాదు, మద్రాసు నగరాలకు కూడా వచ్చి వెళ్లిన ఆ బృందం కథను, అది చేసిన గ్రామఫోను రికార్డుల వెంట నడిచి తెలుసుకోవచ్చు.

ఆయన అసలు పేరు ఎడ్వర్డ్ కెన్నెడీ ఎల్లింగ్టన్. 1899 ఏప్రిల్ 29న అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో జన్మించారు. తండ్రి ఒక సంపన్నుని ఇంట పరిచారకుడు. శ్వేతసౌధంలో జరిగే విందులకు కూడా అప్పుడప్పుడు పనికి వెళ్లేవారు. తల్లి డెయిసీకి కొడుకంటే ప్రాణం. కట్టూ బొట్టూ, నడతా మాటా చూసి చిన్ననాటి మిత్రులు అతనికి డ్యూక్ అని పేరు పెట్టారు. ప్రభువు అని దాని అర్థం. పియానో పాఠాలు ఇంటివద్ద కొంత, పేటలోని వాద్యకారుల చేతివేళ్లను గమనించి కొంత నేర్చుకున్నారు. యువకుడిగా ఉండగా సైనుబోర్డులు వ్రాసే వ్యాపారం కూడా నడిపారు. 1923లో మిత్రులతో న్యూయార్క్ చేరారు.

1924 నవంబరులో ఆయన తొలి రికార్డులు వెలువడ్డాయి. ఆనాటి ధ్వనిముద్రణకు విద్యుత్తు లేదు. వాద్యకారులందరూ ఒక పెద్ద కొమ్ము ముందు గుమిగూడి వాయించేవారు. ఆ శబ్దపు ఊపుకు సూది కదిలి మైనపు పలక మీద గాడి గీసేది. మెత్తగా వాయించిన స్వరం ఆ కొమ్ములోనే అణగిపోయేది. 1925 తరువాత మైక్రోఫోన్ వచ్చి ఈ అవస్థ తీరింది. అయినా ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. రచయిత ఏమి చెప్పదలచినా ఆ మూడు నిమిషాలలో ముగించవలసిందే.

1927 డిసెంబరులో ఎల్లింగ్టన్ బృందానికి న్యూయార్క్‌లోని హార్లెమ్ పేటలో కాటన్ క్లబ్ అనే వినోదశాలలో కొలువు దొరికింది. హార్లెమ్ నల్లవారి పేట. ఆ క్లబ్బులో ఆడేవారు, పాడేవారు, వాయించేవారు అందరూ నల్లవారే. వినడానికి మాత్రం తెల్లవారికే ప్రవేశం. ఏ వేదిక మీద వారు రాత్రంతా వాయించేవారో, ఆ వేదిక ఎదుట కుర్చీలో కూర్చుని వినే యోగ్యత వారి సొంత బంధువులకు లేదు. కాని అక్కడినుండి రేడియో ప్రసారాలు జరిగేవి. రేడియో గాలిలో వచ్చే ధ్వనికి ద్వారపాలకుడు లేడు. ఆ విధంగా ఆయన పేరు దేశమంతటా తెలిసింది.

1930 అక్టోబరులో ముద్రితమైన మూడ్ ఇండిగో అనే రచన ఆయన పద్ధతికి మంచి ఉదాహరణ. మన బ్యాండుమేళాలలో కూడా కనిపించే క్లారినెట్, ట్రంపెట్‌లతో ట్రాంబోన్‌ను కలిపి మూడు వాద్యాల కూర్పు అది. క్లారినెట్ పైస్థాయిలో, ట్రాంబోన్ క్రిందిస్థాయిలో పలకడం వాడుక. ఎల్లింగ్టన్ దీనిని తారుమారు చేశారు. క్లారినెట్‌ను మంద్రానికి దింపి, ట్రాంబోన్‌ను పైకి ఎక్కించారు. మైక్రోఫోన్‌కు దగ్గరగా నిలబడి మెత్తగా వాయించినపుడు ఆ మూడూ కలిసి నాలుగవ వాద్యమేదో ఉన్నట్లు భ్రమ కలిగేది. మైక్రోఫోన్‌ను కేవలం సాధనంగా కాక, వాద్యాలలో ఒకటిగా లెక్కించిన తొలి రచయితలలో ఆయన ఒకరు.

ఆయన రచనా విధానంలోని కీలకం మరొకటి. ఆయన ట్రంపెట్ కోసం వ్రాయలేదు, ట్రంపెట్ వాయించే కూటీ విలియమ్స్ కోసం వ్రాశారు. శాక్సఫోన్ కోసం కాదు, జానీ హాడ్జెస్ ఊపిరి కోసం, హారీ కార్నీ మంద్రస్వరం కోసం వ్రాశారు. ఎవరి గొంతు ఏ స్వరం దగ్గర చిక్కనవుతుందో ఆయనకు తెలుసు. అందుచేత మనిషి మారితే పాట మారిపోయేది. ఆ మనుషులను పోగొట్టుకోకుండా ఉండడమే ఆయనకు జీవితకాలపు పనైంది.

ఇందులో న్యాయాన్యాయాల చిక్కు కూడా ఉన్నది. సాధన వేళ ఒక వాద్యకారుడు యథాలాపంగా వాయించిన నాలుగు స్వరాలను పట్టుకుని ఎల్లింగ్టన్ పూర్తి రచనగా మలిచేవారు. రికార్డు మీద ఎక్కువగా ఆయన పేరే ఉండేది. 1939 వరకు వ్యవహారాలు చూసిన ఇర్వింగ్ మిల్స్ పేరు కూడా చాలా రచనల మీద కనిపిస్తుంది. మూడ్ ఇండిగోలో క్లారినెట్ వాయించిన బార్నీ బిగార్డ్ తన వాటా కోసం పట్టుబట్టవలసి వచ్చింది. తన స్వరాలనుండి పుట్టిన పాట వేదికపై వినిపించినపుడు హాడ్జెస్ ఎల్లింగ్టన్ వైపు తిరిగి వ్రేళ్లతో నోట్లు లెక్కపెడుతున్నట్లు సైగ చేసేవారని చెబుతారు. విత్తు ఒకరిది, పంట మరొకరిది అన్న మాట ఆ బృందంలో ఎన్నడూ పూర్తిగా సద్దుమణగలేదు. అయినా ఆ స్వరాలు ఎల్లింగ్టన్ చేతిలో పడి ఉండకపోతే గాలిలో కలిసిపోయేవన్నదీ నిజమే.

1930లలో బృందం దక్షిణ రాష్ట్రాలకు వెళ్లినపుడు హోటళ్లలో నల్లవారికి గది ఇచ్చేవారు కారు, భోజనశాలలో ఆకలికి అన్నం దొరికేది కాదు. అందుకని ప్రత్యేకంగా రైలుపెట్టెలు అద్దెకు తీసుకుని, అందులోనే వంట, అందులోనే పడకగా ప్రయాణం చేసేవారు. 1935లో తల్లి మరణించినపుడు ఎల్లింగ్టన్ చాలాకాలం కోలుకోలేదు. ఆ దుఃఖంలో రైలు ప్రయాణాల నడుమ ఒక రచన సాగింది. అది మూడు నిమిషాలకు లొంగలేదు. రెండు రికార్డుల నాలుగు వైపులా నిండింది. విమర్శకులు కొందరు దానిని మెచ్చలేదు. ఆయన మాత్రం తన దుఃఖానికి ఎంత నిడివి కావాలో అంతా ఇచ్చారు.

1938 చివర పిట్స్‌బర్గ్‌లో మందులషాపులో పనిచేసే ఇరవై మూడేళ్ల యువకుడొకడు ఎల్లింగ్టన్‌ను కలిసి పియానో వాయించి వినిపించాడు. అతడే బిల్లీ స్ట్రేహార్న్. మరుసటి ఏడు బృందంలో చేరి ఇరవై ఎనిమిదేళ్లు ఎల్లింగ్టన్‌కు కుడిభుజమైనారు. 1941లో రచయితల హక్కుల సంఘానికీ రేడియో కేంద్రాలకూ తగవు వచ్చి, ఎల్లింగ్టన్ రచనలు రేడియోలో వినిపించే వీలు లేకపోయింది. ఆ సంఘంలో స్ట్రేహార్న్ సభ్యుడు కారు. ఆ ఏడు ఫిబ్రవరిలో రికార్డయిన ఆయన రచన టేక్ ది ఏ ట్రెయిన్ బృందానికి ముఖగీతమైంది. హార్లెమ్‌కు వెళ్లే భూగర్భరైలు పేరది. నేటికీ ఎల్లింగ్టన్ అనగానే జనం తలచుకునే ఆ పాట ఎల్లింగ్టన్ వ్రాసినది కాదు.

ఆ 1940, 1941 సంవత్సరాలే ఆ బృందానికి ఉచ్చదశ అని చాలామంది అభిప్రాయం. బాస్ వాద్యకారుడు జిమ్మీ బ్లాంటన్ ఆ రోజులలోనే వెలిగి, క్షయవ్యాధితో 1942లో ఇరవై మూడవ ఏట కన్నుమూశారు. 1940 నవంబరు 7న ఉత్తర డకోటా రాష్ట్రంలోని ఫార్గో పట్టణంలో నృత్యసభకు ఇద్దరు యువ అభిమానులు అనుమతి పొంది రికార్డింగు యంత్రం తీసుకువచ్చారు. తమ ముచ్చట కోసం వారు ముద్రించుకున్న ఆ రాత్రి, దశాబ్దాల తరువాత ప్రచురితమై గ్రామీ పురస్కారం పొందింది. బ్లాంటన్ వేళ్ల చురుకుదనం అందులో సజీవంగా వినవచ్చు.

యుద్ధం తరువాత పెద్ద వాద్యబృందాలకు గడ్డురోజులు వచ్చాయి. ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఎల్లింగ్టన్ మూయలేదు. వసూళ్లు చాలని వారాలలో తన రచనల రాయల్టీతో జీతాలు సర్దేవారు. వ్రాసిన స్వరాన్ని వెంటనే చెవులారా వినడానికి ఆయన కట్టిన మూల్యమది. 1948లో వచ్చిన ఎల్‌పీ రికార్డు మూడు నిమిషాల సంకెలను తెంచింది. 1950 డిసెంబరులో మూడ్ ఇండిగోనే పదిహేను నిమిషాలకు పెంచి కొత్తగా ముద్రించారు. కాని 1951లో హాడ్జెస్‌తో సహా ముగ్గురు ముఖ్యులు ఒక్కసారిగా విడిపోయారు. హాడ్జెస్ మళ్లీ 1955లో తిరిగివచ్చారు.

1956 జూలై 7 రాత్రి న్యూపోర్ట్ సంగీతోత్సవంలో ఆ బృందం జాతకం మారింది. 1937 నాటి ఒక రచన మధ్య శాక్సఫోన్ వాద్యకారుడు పాల్ గాన్‌సాల్వెస్ లేచి, ఇరవై ఏడు ఆవృత్తాలు ఆగకుండా వాయించారు. శ్రోతలు కుర్చీల మీదికెక్కి కేకలు వేశారు, నాట్యమాడారు. అయితే ఆయన రికార్డు కంపెనీ మైకు ముందు కాక ప్రక్కనున్న రేడియో మైకు ముందు నిలబడ్డారు. కంపెనీవారికి ఆయన వాద్యం దూరంనుండి మసకగా వినిపించింది. మిగిలిన అంశాలలో అనేకం స్టూడియోలో తిరిగి వాయించి, చప్పట్లు కలిపి రికార్డు వెలువరించారు. అది ఎల్లింగ్టన్ రికార్డులన్నిటిలో అధికంగా అమ్ముడుపోయింది. రేడియోవారి టేపు 1990లలో బయటపడింది. రెండు టేపులను జతకలిపి 1999లో ప్రచురించినపుడు ఆ రాత్రి ఉన్నది ఉన్నట్లు లోకానికి వినిపించింది.

1959లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్ కోసం ఆయన, స్ట్రేహార్న్ కలిసి ఒక రచన చేశారు. సొంత ఖర్చుతో ముద్రించి, ఒకే ఒక్క ప్రతి తీయించి రాణికి కానుకగా పంపారు. ఆయన జీవించి ఉండగా అది విపణిలోకి రాలేదు. 1976లో గాని ప్రచురణ కాలేదు. ఇదేకాక, ఏ కంపెనీ అడగకపోయినా స్టూడియో అద్దె తానే చెల్లించి టేపులు నింపి దాచుకునే అలవాటు ఆయనకు ఉండేది. వాటిలో అనేకం మరణానంతరం పది సంపుటాలుగా వెలువడ్డాయి.

1963 శరత్కాలంలో అమెరికా ప్రభుత్వం తరఫున ఆ బృందం పశ్చిమాసియా, దక్షిణాసియా దేశాలలో పర్యటించింది. ఢిల్లీలో ఎల్లింగ్టన్ అస్వస్థులై ఆసుపత్రిలో చేరగా, స్ట్రేహార్న్ బృందాన్ని నడిపించారు. హైదరాబాదు, మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలలో కచేరీలు జరిగాయి. నవంబరు 22న కెన్నెడీ హత్య జరగడంతో పర్యటన టర్కీలో అర్ధంతరంగా ముగిసింది. చూచినదానిని వెంటనే అనుకరించకుండా, మూడేళ్లు మనసులో నానబెట్టి 1966 డిసెంబరులో ఫార్ ఈస్ట్ సూట్ అనే రచనామాలికను ముద్రించారు. ఢిల్లీలో విన్న గోరువంక కూత అందులో క్లారినెట్ మీద పలుకుతుంది. తాజ్‌మహలును తలచి వ్రాసిన ఆగ్రా అనే భాగంలో కార్నీ శాక్సఫోన్ నిండుగా మ్రోగుతుంది.

1965లో పులిట్జర్ బహుమతి న్యాయనిర్ణేతలు ఆయనకు ప్రత్యేక పురస్కారం సిఫారసు చేశారు. పాలకమండలి త్రోసిపుచ్చింది. నిరసనగా ఇద్దరు న్యాయనిర్ణేతలు రాజీనామా చేశారు. అదే సంస్థ 1999లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, ఆ గౌరవాన్ని ప్రకటించింది. అప్పటికి ఆయన పోయి పాతికేళ్లు.

1967 మే 31న స్ట్రేహార్న్ క్యాన్సరుతో మరణించారు. వయసు యాభై ఒకటి. ఆసుపత్రిలో ఉండగా కూడా ఆయన బృందం కోసం వ్రాస్తూనే ఉన్నారు. ఆ వేసవి చివర ఎల్లింగ్టన్ బృందాన్ని స్టూడియోకు చేర్చి కేవలం స్ట్రేహార్న్ రచనలతో ఒక రికార్డు చేశారు. ఒకనాడు పని ముగిసి వాద్యకారులు తమ వాద్యాలు పెట్టెలలో సర్దుకుంటున్నారు. ఎల్లింగ్టన్ మాత్రం పియానో వద్దనే కూర్చుని లోటస్ బ్లాసమ్ అనే స్ట్రేహార్న్ బాణీని ఒంటరిగా వాయించసాగారు. యంత్రం ఆగలేదు. మొదట మాటల సందడి, పెట్టెల చప్పుడు వినబడతాయి. క్రమంగా అవి తగ్గి పియానో ఒక్కటే మిగులుతుంది. ఆ ముద్రణను శుభ్రం చేయకుండా అట్లాగే ప్రచురించారు.

1969లో డెబ్బయ్యవ జన్మదినాన శ్వేతసౌధంలో ఆయనకు విందు చేసి దేశపు అత్యున్నత పౌర పతకాన్ని అందజేశారు. తండ్రి వడ్డించిన ఇంట కొడుకు అతిథిగా కూర్చున్నారు. మరుసటి ఏడు హాడ్జెస్ కన్నుమూశారు. 1974 మే 15న గాన్‌సాల్వెస్ పోయారు. ఆ వార్త ఆసుపత్రిలో ఉన్న ఎల్లింగ్టన్‌కు చెప్పకుండా దాచారు. మే 24న ఆయన కూడా మరణించారు. అంత్యక్రియలకు న్యూయార్క్ చర్చిలో పన్నెండు వేలకు పైగా జనం చేరారు. 1927 నుండి వెంటనున్న కార్నీ, ఊరూరికీ ఎల్లింగ్టన్‌ను తన కారులో తీసుకువెళ్లిన కార్నీ, అదే ఏడు అక్టోబరులో తరలిపోయారు.

కుమారుడు మెర్సర్ ఆ బృందాన్ని 1996లో తాను మరణించే వరకు నడిపారు. కాని మనుషుల కోసం వ్రాసిన సంగీతం ఆ మనుషులు లేనప్పుడు మరొకలాగే పలుకుతుంది. హాడ్జెస్ ఊపిరి, బ్లాంటన్ వేళ్లు, స్ట్రేహార్న్ మనసు ఇప్పుడు ఆ రికార్డులలోనే ఉన్నాయి. పైన అచ్చయిన పేరు ఒక్కటే. లోపల పలికే గొంతులు అనేకం. ఈనాడు ఆ పాటలు వినేవారు ఆ రెండో సంగతి కూడా తెలిసి వింటే, ఆ వాద్యకారులకు రావలసిన బాకీ కొంతైనా తీరుతుంది.