అగ్గిపుల్లలను ఆడించిన ఫాల్కే గారు

దాదరు స్టేషనుకు తూర్పున ఉన్న దాదాసాహెబ్ ఫాల్కే రోడ్డున మన తెలుగువారు నిత్యమూ నడుస్తూనే ఉంటారు. ‘రాజా హరిశ్చంద్ర’ తీసిన మహనీయుడుగా ఫాల్కే గారిని పెద్దలందరూ ఎరుగుదురు. కాని వారు అగ్గిపుల్లలను సైతం తెరపై ఆడించారని ఎరిగినవారు తక్కువ. ఈ ఉగాది సంచికలో ఆ ముచ్చట మన పిల్లలకు వినిపించదలచాము.

ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే 1870 ఏప్రిల్ 30న నాసిక్ వద్ద త్ర్యంబకేశ్వరంలో జన్మించారు. బొంబాయి జె.జె. కళాశాలలోను, బరోడా కళాభవన్‌లోను చదివారు. ఫోటోలు తీశారు, అచ్చుపని చేశారు. 1911లో బొంబాయిలో ఏసుక్రీస్తు చరిత్ర చలనచిత్రం చూచినది మొదలు, మన పురాణపురుషులను కూడ తెరకెక్కించాలన్న తపన వారిని పట్టుకున్నది. 1912లో లండను వెళ్ళి కెమెరా కొనితెచ్చారు.

పెట్టుబడి పెట్టువారికి నమ్మకం కలగాలి గదా! కుండీలో బఠాణీ గింజ నాటి, నెలకు పైగా దాని ఎదుగుదలను కొంచెం కొంచెంగా చిత్రించారు. నెలనాళ్ళ పెరుగుదల తెరపై క్షణాలలో కనిపించేసరికి చూచినవారు విస్తుపోయి అప్పు ఇచ్చారు. ఇల్లాలు సరస్వతీబాయి నగలు తాకట్టుకు ఇచ్చింది, ఫిల్ముకు రంధ్రాలు పొడిచింది, పనివారందరికీ వండిపెట్టింది. దాదరు బంగళాలో తీసిన ‘రాజా హరిశ్చంద్ర’ 1913 మే 3న గిర్గాంలోని కారొనేషన్ థియేటరులో విడుదలైనది.

1914లో ప్రపంచయుద్ధం వచ్చి అప్పులిచ్చేవారు వెనుదీశారు. అయినా వారి చేతులు ఊరకుండలేదు. 1915లో అగ్గిపుల్లల వినోదం అనే పొట్టిచిత్రం తీశారు. పుల్లలు పేర్చి ఒక బొమ్మ తీయాలి. రవంత జరిపి మరొకటి తీయాలి. మూకీల కాలంలో సెకనుకు సుమారు 16 బొమ్మలు. అనగా ఒక్క నిమిషం ఆటకు వెయ్యికి చేరువ! నటులు అక్కరలేదు, ఓర్పు ఒక్కటే కావాలి.

ఫాల్కే గారు 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో కన్నుమూశారు. అగ్గిపుల్లల చిత్రం నేడు ఎక్కడా లభ్యం కాదు. ఆనాటి ఫిల్ము ఇట్టే అంటుకొనేది, శిథిలమయ్యేది. వెండి కోసం కరిగించినవారూ కలరు. పూణెలో 1964లో నెలకొన్న జాతీయ ఫిల్ము భాండాగారంలో, పి.కె. నాయర్ గారి కృషి వలన హరిశ్చంద్ర రీళ్ళు కొన్ని దక్కాయి. బొంబాయిలోనే హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ అదృష్టం అంతకన్న తక్కువ; 1932లో విడుదలైన ఆ చిత్రపు ప్రతి ఒక్కటీ మిగలలేదు.

మన చాళ్ళలో అటకలపై తాతలనాటి ఫోటోలు, నాటకాల కరపత్రాలు, పాత రీళ్ళు ఉండవచ్చును. ఈ పండుగకు ఇల్లు దులిపేటప్పుడు వాటిని చెత్తబుట్టలో వేయక, ఒక్కమారు విప్పి చూడవలసినదిగా సోదర సోదరీమణులను కోరుచున్నాము.