సాక్షిపీఠంలో ఆంథోనీ ఈడెన్

ఫ్రాన్సు దేశపు పరాజయాన్ని గురించి మార్సెల్ ఓఫుల్స్ అనే దర్శకుడు 1969లో ఒక డాక్యుమెంటరీ చిత్రం నిర్మించాడు. దాని పేరుకు శోకమూ, కరుణా అని అర్థం. నిడివి నాలుగు గంటలకు పైమాట. జర్మనుల ఆక్రమణ కాలంలో క్లెర్మాం ఫెరాం పట్టణవాసులలో ఎవరు ఎదిరించారు, ఎవరు లొంగిపోయారు, ఎవరు తల వంచుకొని కాలం గడిపారు అన్నదే అందులోని విషయం. రైతులూ, దుకాణదారులూ సాక్ష్యం చెప్పిన ఆ చిత్రంలో నెరసిన మీసాలతో, నిదానమైన ఫ్రెంచి పలుకుతో ఒక ఆంగ్లేయ వృద్ధుడు కూడా కనిపిస్తాడు. ఆయనే బ్రిటన్ మాజీ ప్రధాని ఆంథోనీ ఈడెన్.

పరుల ఆక్రమణ కింద బ్రతికే ఘోరాన్ని అనుభవించని జాతికి, దానిని అనుభవించిన జాతి నడతపై తీర్పు చెప్పే అధికారం లేదని ఆయన అందులో అభిప్రాయపడ్డాడు. ఇది దౌత్యవేత్త మర్యాద మాత్రమే కాదు. యుద్ధం ఆయన ఇంటిలోనికే వచ్చి పోయింది. 1897 జూన్ 12న డరమ్ మండలంలో సంపన్న కుటుంబాన పుట్టిన ఈడెన్, అన్న జాన్‌ను 1914లోనూ, పదహారేండ్ల తమ్ముడు నికొలస్‌ను 1916లో జట్లండ్ నౌకాయుద్ధంలోనూ పోగొట్టుకొన్నాడు. గాయపడిన సార్జంటును కాపాడి తెచ్చినందుకు తాను మిలిటరీ క్రాస్ పొందాడు. 1945లో ఆయన పెద్దకుమారుడు సైమన్, వైమానిక దళంలో పనిచేస్తూ బర్మాలో మరణించాడు.

1923లో కామన్స్ సభలో ప్రవేశించి, 1935లో 38వ యేట విదేశాంగ మంత్రి అయినాడు. ముస్సోలినీతో బేరసారాలు గిట్టక 1938 ఫిబ్రవరిలో చేంబర్లేన్ మంత్రివర్గం నుండి తప్పుకొన్నాడు. ఆ పదవీత్యాగమే ఆయనకు జీవితాంతం తరగని కీర్తి తెచ్చిపెట్టింది. ఒక విధంగా ఆయనను ముంచినదీ అదే. 1955లో చర్చిల్ తరువాత ప్రధాని అయినవాడు, మరుసటి సంవత్సరం జూలై 26న సూయెజ్ కాలువను జాతీయం చేసిన నాసర్‌లో మరొక ముస్సోలినీని చూశాడు. ఆక్స్‌ఫర్డులో అరబ్బీ, పారసీ భాషలు చదువుకొన్న మనిషికి ఈజిప్టు హృదయం అంతుపట్టకపోవడం వింత!

1956 అక్టోబరు 24న పారిస్ సమీపాన సేవ్ర్‌లో బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెలు ప్రతినిధులు రహస్యంగా ఒడంబడిక చేసుకొన్నారు. ఇజ్రాయెలు ముందుగా దండెత్తాలి. తగవు తీర్చే మిషతో తక్కిన ఇద్దరూ దిగాలి. మాట కాగితమెక్కిందని విని ఈడెన్ కలవరపడి, ఆ ప్రతులన్నింటినీ తెప్పించి నాశనం చేయించడానికి అధికారులను పారిస్‌కు పంపాడు. ఫ్రెంచివారు ఇవ్వలేదు. తన వంతు ప్రతిని మాత్రం రూపుమాపించాడు. దండయాత్ర జరిగింది, నెహ్రూ బాహాటంగా ఖండించాడు, అమెరికా ఒత్తిడికి, పౌను పతనానికి తలవొగ్గి నవంబరు 6న పోరు ఆపవలసి వచ్చింది. ఇజ్రాయెలు దాడి సంగతి తనకు ముందుగా తెలియదని డిసెంబరు 20న ఈడెన్ కామన్స్ సభకు చెప్పాడు. 1957 జనవరి 9న రాజీనామా ఇచ్చాడు. అనారోగ్యం సాకు కాదు, 1953 నాటి శస్త్రచికిత్సలో పిత్తనాళం దెబ్బతిన్నది నిజం. అయితే అది పూర్తి కారణమూ కాదు.

తరువాత ఏవన్ ప్రభువై స్వీయచరిత్ర సంపుటాలు వ్రాశాడు. వాటిలో సేవ్ర్ ఊసు లేదు. 1973-74లో థేమ్స్ టెలివిజన్ 26 భాగాలుగా ప్రసారం చేసిన ప్రపంచ యుద్ధ చిత్రమాలలో మళ్ళీ సాక్షిగా కూర్చొని, హిట్లర్ నాటి సంగతులు తడబాటు లేకుండా చెప్పాడు. 1977 జనవరి 14న కన్నుమూశాడు. ఓఫుల్స్ చిత్రాన్ని ఫ్రెంచి టెలివిజన్ 1981 వరకు ప్రసారం చేయనే లేదు.

1996లో సూయెజ్‌పై బి.బి.సి. ప్రసారం చేసిన డాక్యుమెంటరీ కోసం ఇజ్రాయెలు భద్రపరచిన ఒడంబడిక ప్రతి వెలికి వచ్చింది. దానిపై బెన్‌గురియన్, ఫ్రెంచి మంత్రి పినో, పాట్రిక్ డీన్ అనే బ్రిటిష్ అధికారి చేవ్రాళ్ళు ఉన్నాయి. ఈడెన్ సంతకం లేదు.